సగం ఊపిరి ఆలస్యంగా

తార్నూఫ్, సెప్టెంబరు 9

వార్సాలో ఉండే మా తమ్ముడు లెషెక్‌కి,

నీ కార్డు అందింది. ఇకమీదట ఫోన్లు వద్దు, చిన్నప్పటిలా ఉత్తరాలు రాసుకుందాం అన్నావు. వేసవంతా సముద్రం ఒడ్డున ఆరోగ్యనిలయంలో కూర్చుని నడుం నొప్పికి ఆవిరి పట్టించుకున్నావు కదా, ఆ ఆవిరి కాస్త బుర్రలోకి కూడా ఎక్కినట్టుంది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిట్రా? పోస్టాఫీసులో స్టాంపు అడిగితే కౌంటర్లో పిల్ల నన్ను మ్యూజియంలోంచి తప్పించుకొచ్చిన బొమ్మని చూసినట్టు చూసింది. సరే, రాస్తున్నాను. నేను మాట్లాడ్డం మొదలుపెడితే ఆపడం కష్టమని నీకు తెలుసు. రాయడం మొదలుపెడితే ఏమవుతుందో ఇప్పుడు తెలుసుకుంటావు.

ముందు అసలు సంగతి. నువ్వు గొంతిచ్చిన టర్కీ సీరియల్ "ఉప్పు మేడ" మొదలైంది. రోజూ సాయంత్రం పై అంతస్తు గెనోవెఫా గారు తన దిండు తనే చంకన పెట్టుకుని దిగివస్తుంది. ఆవిడ టీవీ ముందు కూర్చుంటుంది, నేను కుట్టు మిషను ముందు కూర్చుంటాను. ఈ ఊళ్ళో సగం మందికి ప్యాంట్లు పొడుగు, మిగతా సగానికి నడుములు బిగుతు. నాకు తలెత్తే తీరికెక్కడిది? కళ్ళు సూది మీద, చెవులు నీ మీద. తెర మీద టర్కీ వాళ్ళు వాళ్ళ భాషలో ఏడుస్తుంటారు, వాళ్ళ వెనకే నువ్వు మన భాషలో చెప్పుకుపోతుంటావు. అందరి మాటలూ ఒక్కడే చదివి చెప్పే లెక్టర్ ఉద్యోగమంటే ఉద్యోగమేరా నీది. అత్తా నువ్వే, కోడలూ నువ్వే, ఉయ్యాల్లో పిల్లా నువ్వే. నిన్న నెస్రీన్ తన మొగుడు ఫెర్హాత్ కాళ్ళ మీద పడి "నువ్వు లేకపోతే చచ్చిపోతాను" అంది. నువ్వు ఆ మాటని "ఆ చెంచా ఇటివ్వు" అన్నట్టు చెప్పావు. గెనోవెఫా గారు మాత్రం బావురుమంది.

"ఆయన అంత పొడిగా చెబుతాడు కాబట్టే నాకు ఏడుపొస్తుంది మిర్కా. ఆయన కూడా ఏడిస్తే ఇంక నేనెందుకు?" అంటుంది.

కథ నీకు తెలిసిందే, అయినా నా కడుపుమంట చెప్పుకోవాలి. ఫెర్హాత్ తమ్ముడు కెమాల్ పడవ మునిగి చచ్చిపోయాడని ఇంట్లో అందరూ నల్లబట్టలు కట్టుకుని తిరుగుతున్నారు. అతను బతికే ఉన్నాడని నెస్రీన్‌కి ఒక్కదానికే తెలుసు. చెప్పదు. వాళ్ళ మంచికేనట. సొంత మనుషుల దగ్గర అంత సంగతి కడుపులో పెట్టుకుని, పైగా వాళ్ళకే సూపు వడ్డిస్తోంది మహాతల్లి. నా ఎదురుగా ఉంటే చెంప ఛెళ్ళుమనిపించేదాన్ని.

పెద్ద ఊళ్ళో ఉన్నావు, నువ్వేం చూశావో రాయి.

నీ అక్క మిర్కా

మరిచిపోయాను. సీరియల్లో అంతసేపు మాట్లాడేవాడివి అక్కతో నాలుగు మాటలు మాట్లాడితే నీ సొమ్మేం పోతుంది?


వార్సా, సెప్టెంబరు 18

అక్కా,

ఉత్తరం అందింది. గెనోవెఫా గారికి నమస్కారాలు.

ఫోన్ సంగతి. పని చేసే గొంతుకి బయట విశ్రాంతి ఇవ్వాలని ఒక నియమం పెట్టుకున్నాను. నీతో మాట్లాడితే అది విశ్రాంతి కిందికి రాదని నువ్వూ ఒప్పుకుంటావు.

గెనోవెఫా గారు ఏడుస్తున్నారని రాశావు. తెర మీది మనిషి మాట మొదలుపెట్టగానే నేను మొదలుపెట్టను. సగం ఊపిరి ఆగుతాను. ఆ సగం ఊపిరిలో వాళ్ళ ఏడుపు ఆవిడకి చేరిపోతుంది. తరవాత అర్థం ఒక్కటే మిగులుతుంది, అది నేను అందిస్తాను. అందులో నాది ఏమీ కలపకూడదు. కలిపితే పని చెడిపోయినట్టే.

శనివారం నాటకానికి వెళ్ళాను. ముసలి రాజు కథ. రాజ్యం పోయింది, కొడుకులు పోయారు, మతి పోయింది, నోరు మాత్రం పోలేదు. విరామం దాకా ఆపకుండా మాట్లాడాడు. నటుడు మంచివాడే. కానీ ప్రతి వాక్యం చివరా గాలి మింగుతాడు. ఒకసారి అది చెవిన పడ్డాక నాకింకేమీ వినపడలేదు. విరామంలో కోటు తీసుకుని వచ్చేశాను. ఈ మధ్య ఏ నాటకమూ రెండో సగం చూడలేదు. ఇంట్లో కూర్చోబుద్ధి కాదు, హాల్లోనూ కూర్చోబుద్ధి కాదు. ట్రామెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, అదే ట్రాములో వెనక్కి వస్తున్నాను. డ్రైవరు నన్ను గుర్తుపట్టి తల ఊపుతున్నాడు.

ఒక సలహా. "ఉప్పు మేడ" సగం దాకానే బాగుంటుంది. తరవాత రచయితలు మారారు, కథ చెడింది. నవంబరు వచ్చేలోగా మానెయ్యి. నువ్వు రైలెక్కి ఇక్కడికి వచ్చే ఆలోచనలో ఉంటే, ఇల్లంతా సున్నాలు వేయిస్తున్నాను, నిలబడే చోటు లేదు.

లెషెక్


తార్నూఫ్, అక్టోబరు 2

ఏమయ్యా, అర్థం ఒక్కటే అందించే లెక్టర్ గారూ,

సగం చూసిన కథ వదిలెయ్యమంటావా? సగం కుట్టిన కోటు తొడుక్కుని వీధిలోకి వెళ్ళమన్నట్టుంది. నాటకాలు సగంలో వదిలి వచ్చేవాడి సలహా నాకెందుకు? నేను చివరిదాకా చూస్తాను. నెస్రీన్ దొరికిపోయే రోజు నేను మిషను ఆపి మరీ చూస్తాను.

ఇక నీ సంగతి. గురువారం నీకు జలుబు చేసింది, దాచకు. అత్తగారు గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టే చోట నువ్వు మధ్యలో ఆగి గుటక వేశావు. శుక్రవారం గొంతులో ఇసుక పడినట్టుంది. గెనోవెఫా గారికి వినపడలేదు, ఆవిడ చెవిలో యంత్రానికి అన్నీ ఒకటే. నాకు వినపడింది. నువ్వు పుట్టి కెవ్వుమన్న పూట నుంచీ ఆ గొంతు వింటున్నానురా, నాకు కాక ఎవరికి తెలుస్తుంది? రాస్ప్‌బెర్రీ షరబత్తు, తేనె పార్సెల్లో పెట్టాను. ఉన్ని మఫ్లరు కూడా ఒకటి అల్లాను. దాన్ని మెడ చుట్టూ గట్టిగా, రెండు చుట్లు చుట్టుకో. నువ్వు ఎప్పుడూ ఊరికే భుజం మీద వేసుకుని సినిమా హీరోలా తిరుగుతావు, అందుకే ఈ జలుబులు.

ఇప్పుడు అసలు బాణం వేస్తున్నాను, కాచుకో. ఆదివారం మనసు ఆగక ఫోన్ చేశాను. మాట్లాడకపోయినా ఊపిరి వినపడితే చాలనుకున్నాను. ఎత్తింది ఆడపిల్ల.

"లెషెక్ గారు ఇప్పుడు మాట్లాడలేరండీ, మేమిద్దరం పనిలో ఉన్నాం" అంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

"బెయాతా" అంది. వెనకాల ఏదో గరగరమని మోత. వెంటనే పెట్టేసింది.

ఓహో. గొంతుకి విశ్రాంతి. ఇంటికి సున్నాలు. ఇదా సంగతి? పెళ్ళాం వెళ్ళిపోయి ఇన్నేళ్ళయ్యాక నీకో మనిషి దొరికితే అక్కకి చెప్పడానికి సిగ్గా? గెనోవెఫా గారైతే "గొంతు విని పాతికేళ్ళు అనుకున్నావా, ముప్ఫై అనుకున్నావా" అని నన్ను సీరియల్ మధ్యలో కూడా వదలడం లేదు. నాకు సంతోషమే. కాస్త మంటగా కూడా ఉంది. నెస్రీన్‌ని నేను ఊరికే తిట్టలేదు చూడు.

మిర్కా


వార్సా, అక్టోబరు 11

అక్కా,

అవును. పేరు బెయాతా. వారంలో కొన్ని రోజులు వస్తుంది. నాకంటే చాలా చిన్నది. ఓపిక ఎక్కువ. ఇంతకంటే ఇప్పుడు అడగకు.

షరబత్తు అందింది. మఫ్లరు మెత్తగా ఉంది.

బుధవారం ఒక మూగ విదూషకుడి ఆట చూశాను. చిన్న హాలు. ఒక కుర్చీ, ఒక గొడుగు, అతను. ఒక్క మాట లేదు. గొడుగు తెరుచుకోదు, అతను దాన్ని బతిమాలతాడు, అలుగుతాడు, దానికి సూపు తాగిస్తాడు. పక్కనున్న వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నేను కూడా చివరిదాకా కూర్చున్నాను. ఈ ఏడాది చివరిదాకా చూసింది అదొక్కటే. కానీ చప్పట్లప్పుడు అతను ముందుకు వచ్చి, టోపీ తీసి, "వచ్చినందుకు చాలా సంతోషం, మీ స్నేహితులకి కూడా చెప్పండి" అన్నాడు. చక్కటి గొంతు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మోసపోయినట్టు అనిపించింది. మెట్ల మీద ఎవరినో తోసుకుంటూ బయటికి వచ్చాను.

ఈ కవరులో మీ ఊరి థియేటరు టిక్కెట్లు ఉన్నాయి. నీకూ గెనోవెఫా గారికీ. నవంబరంతా సాయంత్రం ఆటలు. రోజంతా మిషను ముందు వంగి కూర్చుంటావు, కాస్త బయటికి వెళ్ళండి. సీరియల్ ఎక్కడికీ పోదు.

లెషెక్


తార్నూఫ్, నవంబరు 4

లెషెక్,

నాటకం ముందు చెప్పి, కోపం తరవాత చెబుతాను. రెండూ కలిపితే నాటకానికి అన్యాయం జరుగుతుంది.

వెళ్ళాం. గెనోవెఫా గారు పెళ్ళికి వెళ్ళినట్టు ముత్యాలు వేసుకుంది. హాల్లో చలి, ముందు వరుసవాడికి పెద్ద తల. రైల్వే స్టేషన్లో ఇరుక్కుపోయిన ఇద్దరు అన్నదమ్ముల కథ. రైలు రాదు, వాళ్ళు పొట్లాడుకుంటారు, చివరికి రైలు వస్తే ఎవరూ ఎక్కరు. ఎందుకు ఎక్కరో నాకు అర్థం కాలేదు. టిక్కెట్టు చేతిలో పెట్టుకుని కూడా. నా అవస్థ విని నవ్వకు. వాళ్ళు మన భాషలోనే మాట్లాడుతున్నారు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. అయినా ప్రతి మాట తరవాతా నేను ఆగుతున్నాను. దేనికోసమో చూస్తున్నాను. రెండో అంకంలో తెలిసింది, నీ గొంతు కోసం. అన్న ఏదో అంటాడు, నువ్వు వచ్చి అది నిజమని చెప్పాలి కదా. నువ్వు రావు. ఆ అన్న చెప్పేది నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళు చెవిలో మాట్లాడి నన్ను ఇలా తయారుచేశావు.

ఇంటికి వచ్చి తప్పిపోయిన భాగం వేసుకుని విన్నాను. కేబులు పెట్టె అన్నీ దాచిపెడుతుంది, నీకు తెలియదేమో. నువ్వు ఇంకా గుటకలు వేస్తూనే ఉన్నావు. ఇదేం జలుబురా, వదలదు?

ఇప్పుడు కోపం. మొన్న సమాధుల పండగకి అమ్మ సమాధి దగ్గరికి నువ్వు రాలేదు. ఊళ్ళో ప్రతి రాయి దగ్గరా మనుషులున్నారు, దీపాలున్నాయి. కెనడా నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నీ వంతు దీపం నేనే పెట్టాను. మా ఆయన సమాధి దగ్గర పెట్టేటప్పుడు చెయ్యి జారి దీపం గాజు బుడ్డి పగిలింది. పక్క సమాధి వాళ్ళు "తమ్ముడు గారు రాలేదా, టీవీలో రోజూ వింటున్నాం" అన్నారు. "పనిలో ఉన్నాడు" అన్నాను. అబద్ధం ఆడుతున్నట్టు నోరు చేదుగా అయింది, ఎందుకో నాకే తెలియదు.

క్రిస్మస్ ముందు రాత్రి భోజనానికి మాత్రం వస్తావు. ఇది అడగడం కాదు. బెయాతాని తీసుకురా. వయసు గురించి ఒక్క మాట అనను, గెనోవెఫా గారి నోరు కూడా నేనే కుట్టేస్తాను. భోజనానికి ముందు క్రీస్తు పుట్టుక సువార్త చదివే పని నీది. నాన్నకి ఆ పూట కళ్ళజోడు ఎప్పుడూ దొరికేది కాదు, నీకు చదవడం వచ్చిన ఏడాదే పుస్తకం నీ చేతిలో పెట్టాడు. "వీడు వాతావరణ వార్తలు చదివినట్టు చదువుతున్నాడేమిటి" అని అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళింది. నువ్వు చదవకుండా మన ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఆ రాత్రి పంచుకునే పల్చటి అప్పం విరవలేదు.

మిర్కా


వార్సా, నవంబరు 13

అక్కా,

అమ్మ దగ్గరికి రాలేకపోయినందుకు క్షమించు. వచ్చే స్థితిలో లేను.

క్రిస్మస్‌కి రాను. ఆ రాత్రి బెయాతా వాళ్ళింట్లో ఉంటాను. సువార్త గెనోవెఫా గారిచేత చదివించు, లేదా నువ్వు చదువు. ఎవరు చదివినా పాక అదే, గొర్రెల కాపర్లు వాళ్ళే.

నిన్న సినిమాకి వెళ్ళాను. ఉత్తరాది మంచులో ఒక తండ్రీ కూతురూ. తెర కింద అక్షరాలు వేశారు, చదివేవాడు లేడు. అలవాటు చొప్పున నేను ఆ అక్షరాలని లోపల్లోపల చదువుతూ కూర్చున్నాను. సగం ఊపిరి ఆగి, మొదలుపెట్టి, వాక్యం ముగించి. బాగానే చదివాను. పక్కన కూర్చున్న కుర్రజంట నా వైపు చూసి సీటు మారారు. నా పెదవులు కదులుతున్నాయని అప్పుడు తెలిసింది. లేచి వచ్చేశాను. ట్రాము కోసం ఆగకుండా వంతెన మీదుగా ఇంటిదాకా నడిచాను, ఇంట్లో కోటు విప్పకుండా మళ్ళీ బయటికి వెళ్ళాను.

సీరియల్ మానెయ్యమని మళ్ళీ చెబుతున్నాను. ఈ ఒక్క మాట విను.

లెషెక్


తార్నూఫ్, నవంబరు 27

లెషెక్ గారికి,

మీరు అంత దూరం మనిషి అయ్యాక నేను కూడా మర్యాదగానే రాస్తాను.

బెయాతా వాళ్ళింట్లో ఉంటారా? ఉండండి. వాళ్ళ బీట్‌రూట్ చారు తాగండి, వాళ్ళ కార్ప్ చేప తినండి, ముల్లు గొంతులో గుచ్చుకుంటే అప్పుడు అక్క గుర్తొస్తుంది. "ఎవరు చదివినా పాక అదే" అట. ఆ మాట చదివి ఒక పెద్దమనిషి ప్యాంటుకి ఎడం కాలు కుడి కాలు కంటే పొట్టిగా కత్తిరించేశాను. నీకు నాతో ఏదో తగువుంది. ఉంటే చెప్పు. నేనేం చేశాను? నీ పెళ్ళాం వెళ్ళిపోయినప్పుడు ఆవిడ తప్పు సగమే అన్నానని ఇంకా మనసులో పెట్టుకున్నావా? చిన్నప్పుడు సినిమా హాల్లో నేను మాట్లాడుతూ ఉంటే నిన్ను కూడా బయటికి గెంటారనా? నువ్వు నాలుగు వాక్యాలు రాస్తావు, ఒక్కదానిలోనూ నువ్వుండవు. సీరియల్లో పరాయివాళ్ళ మాటలు చెప్పేటప్పుడు నాకు దగ్గరగా ఉంటావు, సొంత మాట రాసేటప్పుడు

28వ తేదీ, సాయంత్రం

నిన్న అక్కడ ఆపి టీవీ పెట్టాను. ఇప్పుడు మళ్ళీ కూర్చున్నాను.

నిన్న "ఉప్పు మేడ"లో నువ్వు లేవు. ఫెర్హాత్ తలుపు తీశాడు, నెస్రీన్ ఏదో అంది, వెనకాల ఇంకెవడో మాట్లాడాడు. గెనోవెఫా గారు టీవీని చేత్తో కొట్టింది. నేను మొదట నీకు సెలవిచ్చారనుకున్నాను. తరవాత నీ బెయాతా కోసం పని మానేశావనుకున్నాను. నిన్ను తిట్టాను, పైకే, గెనోవెఫా గారి ఎదురుగానే. ఇవాళ కూడా వాడే.

అప్పుడు పాత భాగాలు వెనక్కి తిప్పి విన్నాను. మొదటి వారంలో శుభ్రంగా ఉన్నావు. తరవాత గుటక. తరవాత ఇసుక. అయితే నువ్వు సెప్టెంబరు నుంచీ నాకు ఫోన్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. వేసవిలో కూడా కార్డులే.

ఇవాళ మిషను ముట్టుకోలేదు. ఒక్క ప్రశ్న అడుగుతాను, ఒక్కదానికి జవాబు రాయి.

లెషెక్, ఈ భాగాలన్నీ నువ్వు ఎప్పుడు చదివావు?

అక్క


వార్సా, డిసెంబరు 4

అక్కా,

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ చివరి దాకా.

నువ్వు అక్టోబరులో విన్న జలుబు మార్చి నాటిది. అప్పుడు నేను కూడా దాన్ని జలుబనే అనుకున్నాను. అది జలుబు కాదు. మే నెలలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం ఉంది, ఊపిరి అక్కణ్ణుంచే. ఆరోగ్యనిలయానికి వెళ్ళింది నడుం కోసం కాదు. రోగం పోయిందనే డాక్టర్లు అంటున్నారు. నేను బాగా తింటున్నాను, నడుస్తున్నాను. మాట లేదు. నీ మఫ్లరు మెడకి చుట్టుకోలేను, ఊపిరాడదు. రాత్రి పాదాల మీద వేసుకుంటున్నాను.

బెయాతా మాట నేర్పే పంతులమ్మ. వాళ్ళాయనా, ఇద్దరు పిల్లలూ ఉన్నారు. మెడకి ఆనించి పట్టుకునే చిన్న యంత్రం ఒకటి ఇచ్చింది, పెదవులు కదిపితే అది గరగరమని మాటలా చేస్తుంది. నువ్వు ఫోన్‌లో విన్న మోత అదే. చాలా రోజులు ప్రయత్నించాక "రొట్టె" అన్నాను. ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను ఆ పూట ట్రాములో రెండు చివర్లకీ తిరిగాను. వాళ్ళింటికి పండక్కి వెళతాననడం అబద్ధం. ఎక్కడికీ వెళ్ళను.

ఎందుకు చెప్పలేదంటావు. మీ ఇంట్లో రోజూ సాయంత్రం నేను బాగున్నాను. దేశం మొత్తంలో ఆ ఒక్క గంట బాగున్నాను. నువ్వు దాని గురించి రాసిన ప్రతి ఉత్తరమూ చదివి ఆ మనిషి మీద అసూయపడ్డాను. అయినా అతన్ని నీ దగ్గరనుంచి తీసెయ్యడానికి చేతులు రాలేదు. నవంబరు చివర అతను ఆగిపోతాడని నాకు తెలుసు. ఆలోపు నువ్వు చూడటం మానేస్తే, నీకు ఎప్పటికీ ఆగనట్టే ఉంటుందనుకున్నాను. టిక్కెట్లు అందుకే. మూర్ఖంగా ఉంది, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

నీతో నాకు ఏ తగువూ లేదు. ఎప్పుడూ లేదు.

క్రిస్మస్‌కి రాను. బల్ల దగ్గర నువ్వు పుస్తకం నా ముందు పెడతావు. ఆ యంత్రంతో చదివితే దేవుడు పుట్టాడన్న కబురు వాక్యూమ్ క్లీనరు చెప్పినట్టుంటుంది. చదవకుండా కూర్చుంటే అందరూ పళ్ళెం వైపు చూస్తారు. నన్ను రమ్మనకు.

లెషెక్


తార్నూఫ్, డిసెంబరు 11

ఒరేయ్ లెషెక్,

నీ ఉత్తరం చదివి మిషను మీద తల పెట్టి ఏడ్చాను. పెళ్ళికొడుకు కోటు ఒకటి తడిసి ముద్దయింది, మళ్ళీ ఇస్త్రీ చేయాల్సి వచ్చింది. మే నెలలో నిన్ను కోసి పడుకోబెడితే, నేను ఇక్కడ కూర్చుని ప్యాంట్లకి అంచులు మడుస్తున్నాను. నీ పక్కన ఎవరున్నారు? నీళ్ళు ఎవరిచ్చారు? నాకు ఎప్పటికీ ఆగనట్టే ఉండాలనుకున్నావా? నాకు నువ్వు కావాలిరా. సాయంత్రం గొంతు కాదు.

ఏడుపు అయ్యాక కోపం వచ్చింది, అదింకా ఉంది. నెస్రీన్‌కి ఇస్తానన్న చెంపదెబ్బ నీకు బాకీ పడ్డాను. వచ్చి తీసుకో.

గెనోవెఫా గారికి చెప్పాను. చెవిలో యంత్రం తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. తరవాత "ఆయన్ని ఆ యంత్రం తెచ్చుకోమను మిర్కా. నా చెవిలో ఒకటుంది, ఆయన మెడ మీద ఒకటుంటుంది, అవి రెండూ మాట్లాడుకుంటాయి, మనం చేప తిందాం" అంది.

"ఉప్పు మేడ" చూస్తూనే ఉన్నాను. మానేస్తాననుకున్నావా? సోమవారం కెమాల్ ఇంటికొచ్చాడు. అందరూ భోజనాల దగ్గరున్నారు. నేను మిషను ఆపేశాను. ఫెర్హాత్ వాటేసుకుంటాడనుకున్నాను, లేకపోతే నెస్రీన్ జుట్టు పట్టుకుంటాడనుకున్నాను. అదేం లేదు. కుర్చీ ఒకటి లాగి, ఒక్క మాటన్నాడు, "తిను." అంతే. ఆ కొత్త లెక్టర్ ఆ "తిను" అనే మాటని చర్చిలో పాట ఎత్తుకున్నట్టు సాగదీసి చెప్పాడు. అంతా పాడుచేశాడు. నువ్వైతే "చెంచా ఇటివ్వు" అన్నట్టు చెప్పేవాడివి, గెనోవెఫా గారు దిండు తడిపేసేది.

మఫ్లరు వెనక్కి తీసుకురా, విప్పి మేజోళ్ళు అల్లుతాను. దాని బదులు పాత పల్చటి మస్లిన్ గుడ్డతో మెడకి కట్టుకునే తెరలు కుట్టాను. అల్లిక వదులు, గాలి ఆడుతుంది, దుమ్ము లోపలికి పోదు. ముడి వెనకాల కాదు, పక్కకి పెట్టాను, నువ్వొక్కడివే కట్టుకోగలవు. నా మెడకి కట్టుకుని రెండు రోజులు తిరిగి చూశాను. ఒకటి తెల్లది, పండగ పూటకి.

పళ్ళాలు ఎప్పటిలాగే పెడతాను. నాకొకటి, గెనోవెఫా గారికొకటి, నీకొకటి, అనుకోకుండా వచ్చే అతిథికి ఒకటి. నీది అతిథి పళ్ళెం కాదు. అది గుర్తుపెట్టుకో.

ఇప్పుడు సువార్త సంగతి. ఆ పని ఇంకెవరికీ ఇవ్వను, నేనూ తీసుకోను. ఆకాశంలో మొదటి చుక్క పొడవగానే పుస్తకం నీ ముందే పెడతాను. నువ్వు చదువు. యంత్రం వద్దు, గొంతు వద్దు, సినిమా హాల్లో చదివావే, అలా. నేను నీ పక్కన నీ పెదవులు చూస్తూ కూర్చుంటాను. నువ్వు మొదలుపెట్టాక సగం ఊపిరి ఆగి మొదలుపెడతాను. ఇంతకాలం నువ్వు అందరి వెనకాలా మాట్లాడావు, ఈ ఒక్క పూట నీ వెనకాల నేను మాట్లాడతాను.

గెనోవెఫా గారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజూ సాధన చేస్తున్నాను. ఆవిడ మరీ తొందరగా పెదవులు కదుపుతుంది, నవ్వుతుంది, దగ్గుతుంది. నీకైతే పద్ధతి తెలుసు. కాపర్ల దాకా బాగానే వస్తోంది. ఆ బిడ్డని గుడ్డల్లో చుట్టి పడుకోబెట్టే చోట మాత్రం రోజూ ఆగిపోయి, ముక్కు చీదుకుని మళ్ళీ ఎత్తుకుంటున్నాను.

నాది ఏమీ కలపకూడదని తెలుసు. పొడిగానే చెప్పాలని చూస్తాను. ఎక్కడైనా కలిసిపోతే, అందరి ముందూ తిట్టకు.

అక్క